నూట అరవై ఒకటో బస్తా

బంట్రోతు మూడుసార్లు పిలుస్తాడు, మూడోసారికీ పలక్కపోతే సాక్షి రాలేదని రాసుకుంటారు. ఆ మాట వకీలు నోట విన్నప్పటి నుంచి శకుంతలకు ఒకటే ఆలోచన: పలక్కుండా కూర్చుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. ఇంకో తారీకు పడుతుంది, ఇంకో నెల నిద్ర పాడవుతుంది, మళ్ళీ ఇదే హనుమకొండ కోర్టు, ఇదే వరండా, కూర్చున్నవాళ్ళ నడుములు విరగ్గొట్టే ఇదే సిమెంటు బెంచీ. చెప్పాల్సినవి రెండే ముక్కలు. ఆ బస్తా మాది కాదు. ఎవరు వేశారో నాకు తెలియదు. పొద్దున కారులో ఉదయ్ ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ నాలుగుసార్లు అప్పజెప్పించుకున్నాడు, చిన్నప్పుడు వాడి చేత ఆమె ఎక్కాలు చెప్పించినట్టు. "గంతేనమ్మా. ఇంకేం మాట్లాడకు. ఆగి ఆలోచించినట్టు గూడ కనపడద్దు. జర ధైర్యంగ ఉండు." ఉన్నాను కదరా ధైర్యంగా, అనుకుంది. ధైర్యం లేకపోతే మీ నాన్న పోయిన తొమ్మిదేళ్ళు ఆ మిర్చి అడ్తి దుకాణం ఎవరు నడిపారు? రైతు తెచ్చిన కాయను గుప్పిట్లో నలిపి తేమ ఎంతో చెప్పేది ఎవరు? మార్కెట్ యార్డులో మగ సావుకార్లందరూ "శకుంతలమ్మ వచ్చింది, ఇగ బేరం ఒడిసినట్టే" అని నవ్వేది ఎవరిని చూసి? అట్లాంటి మనిషికి ఇవాళ ఒకటే దాహం. చేతిసంచిలో నీళ్ళ సీసా ఉండాలి, లేదు, కారులోనే ఉండిపోయింది. కారు పార్క్ చేసిన ఉదయ్ ఎక్కడ? గేటు దగ్గర వకీలుతో. ఇద్దరూ ఒకే గొడుగు కింద, తలలు దగ్గరగా పెట్టుకుని. ఆమె మీద నమ్మకం లేకనే అంతసేపు మాట్లాడుకుంటున్నారా?

వాన పడీపడనట్టు ఉంది. వచ్చినవాళ్ళంతా చెప్పుల బురదతో వరండాను తొక్కితొక్కి ఎర్రగా చేశారు. తలుపుకు ఎడమవైపు గోడకు ఆనుకుని కింద కూర్చున్న ఆమె దీనమ్మ, డ్రైవర్ కృపానందం భార్య. ఒళ్ళో మూడు గిన్నెల స్టీలు టిఫిను ఉంది, మధ్య గిన్నెకు ఒక సొట్ట. ఆ సొట్ట వైపు చూడొద్దు. ఎదురుగా స్తంభం దగ్గర రాజక్క, చేతికర్ర పక్కన ఆనించి, కుడికాలు చాపుకుని ఉంది. మొగిలి భార్య. మొగిలి అంటే చనిపోయినవాడు, గోడలు కట్టే మేస్త్రి, వర్ధన్నపేట పక్క ఊరివాడు. శకుంతల అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఫోటో మాత్రం చూసింది, పేపర్లో, పెళ్ళినాటి ఫోటో అనుకుంటా, మెళ్ళో దండతో ఇబ్బందిగా నవ్వుతూ. ముగ్గురు ఆడవాళ్ళు, పది అడుగుల మేరలో. ఎవరూ ఎవరితో మాట్లాడరు. లోపల నిందితుల వైపు కృపానందం నిలబడి ఉంటాడు, చేతులు కట్టుకుని. లారీ దిగినప్పుడు కూడా అట్లాగే నిలబడేవాడు ఆమె ముందు.

ఫోను వచ్చింది సాయంత్రం నాలుగుంపావుకు. పోయినేడు, మాఘంలో, సీజను మొదటి లోడు పంపిన రోజు. ఆమె దుకాణంలో కొబ్బరికాయ చిప్పలు పంచుతోంది. పంథిని ఊరు చేరకముందే స్పీడు బ్రేకర్ మీద లారీ ఎగిరిందట, పైనుంచి బస్తా జారి రోడ్డు మీద పగిలిందట, వెనకే వస్తున్న మోటరుసైకిలు దాని మీదికి ఎక్కి పడిందట. ముందు నడుపుతున్న మొగిలి తల రోడ్డుకు తగిలింది, వెనక కూర్చున్న రాజక్క కాలు విరిగింది. అంతవరకూ ఏ ప్రమాదమైనా ఒకటే. తర్వాతది వేరు. బస్తా నిండా ఎండిన తేజ రకం మిర్చి కాయ. మీదినుంచి నాలుగు బండ్లు పోయేసరికి అది పొడి అయి లేచింది. చుట్టుపక్కల పొలాల్లోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు, దగ్గరికి రాలేకపోయారు. కళ్ళు మండి, దగ్గొచ్చి, ముక్కుకు తువ్వాలలు కట్టుకుని వెనక్కి పోయారు. ఒక నిమిషమా, పది నిమిషాలా? అంబులెన్సులో వచ్చినవాళ్ళు కూడా ముందు నీళ్ళు చల్లించారట. ఎవరూ లెక్క చెప్పరు. రాజక్క మాత్రం పోలీసులకు ఒకే మాట చెప్పింది, ఆ కాగితం వకీలు చదివి వినిపించాడు: "నా పెనిమిటి పిలుస్తాండు, నాకు కండ్లు కనపడ్తలేవు." ఆ మాట వినకపోయినా బాగుండేది. చదవకుండా కట్టలో పెట్టేస్తే ఏం పోయేది ఆ వకీలుకు?

మంచి వకీలే. చాలా తెలివైనవాడు. మొదటి రోజే కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి నవ్వాడు. "మన బిల్లు ప్రకారం లారీకి ఎక్కినవి నూట అరవై. ఖమ్మం కోల్డ్ స్టోరేజీల దిగినవి నూట అరవై. మరి రోడ్డు మీద పడ్డది ఎవలది?" ఉదయ్ కళ్ళు మెరిశాయి, ఆమె చూసింది. బిల్లులో లేని బస్తా బిల్లు రాసినవాళ్ళది కాదు. డ్రైవర్లు దారిలో ప్రైవేటు సరుకు వేసుకోవడం లోకమంతా ఎరిగిందే. కట్టిన లోడు మీద కట్టకుండా వేసుకున్న బస్తా ఎవరిది? బండి నడిపినవాడిది. పడితే బాధ్యత ఎవరిది? వాడిదే. యార్డు ఆనవాయితీ కూడా అదే చెబుతుంది. హమాలీలు లోడు ఎత్తుతారు, టార్పాలిన్ పరుస్తారు, తాళ్ళు లాగుతారు, ఆఖరి ముడి మాత్రం డ్రైవర్ తన చేత్తో వేసుకుంటాడు. ఆ ముడి పడ్డాక లోడు అతనిది. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. పగిలిన గోనె కూడా మిగల్లేదు, జనం మిర్చి ఏరుకుని దాంట్లోనే మూటకట్టుకు పోయారు. ఎవరైనా ఆ గోనెను తిప్పి చూసి ఉంటే పసుపు కనపడేది. కొత్త గోనె, నాలుగు మూలలా పసుపు, నడిమధ్య కుంకుమ బొట్టు. ఆమె వేలితో పెట్టిన బొట్టు.

అది దేవుని బస్తా.

మామగారి కాలం నుంచి ఉంది. ప్రతి సీజనూ మొదటి లోడు పోయినప్పుడు దాంతోపాటు ఒక బస్తా ఐనవోలు మల్లన్నకు, అన్నదానం వంటకు. బిల్లులో రాయరు, ఎందుకంటే దేవుడి దాన్ని సరుకుల్లో కలపకూడదు. తాడు కట్టరు, ఎందుకంటే మొక్కును బంధించకూడదు. పంథిని మూల మీద గుడి మనిషి ఎదురుచూస్తుంటాడు, దించుకుని పోతాడు. మామగారు ఎడ్లబండి మీద పంపేవాడు, అన్ని బస్తాలకు పైన, ఊరేగింపులా. బండి ఎంత ఎత్తు? మనిషి భుజమంత. పడితే బండివాడే దిగి ఎత్తుకునేవాడు. లారీలు వచ్చాక ఆమె భర్త ఆ బస్తాను క్యాబిన్లో డ్రైవర్ పక్క సీట్లో పెట్టించేవాడు. "మల్లన్నకు ఏసీ లేదు గని సీటైతె ఇచ్చిన" అని జోకు వేసేవాడు. ముప్పై ఏళ్ళు అట్లా పోయింది, ఏమీ కాలేదు. మరి ఆ ఒక్కసారి ఎందుకు... వద్దు. అక్కడికి పోవద్దు. రెండు ముక్కలు. ఆ బస్తా మాది కాదు. ఎవరు వేశారో నాకు తెలియదు.

లోపలినుంచి ఎవరిదో పేరు పిలిచారు. ఆమె లేవబోయింది, తనది కాదు. కూర్చుంది.  తప్పు ఎవరిదని అడిగితే ఒక్కరిదా? రంగు వెయ్యకుండా రోడ్డుకు అడ్డంగా ఆ దిబ్బ పోసినవాడిది లేదా? హెల్మెట్ పెట్టుకోని మొగిలిది లేదా? లారీ వెనకాల అంత దగ్గరగా ఎందుకు రావాలి? అంటే, చనిపోయినవాడి మీదికే పోతున్నావా శకుంతలా? సరే, బస్తా పైకి ఎత్తిన హమాలీలది? వాళ్ళు ఎత్తమంటే ఎత్తుతారు, అన్నం పెట్టే దుకాణం మీద కోర్టులో నోరు తెరవరు, తెరవలేదు కూడా, ముగ్గురూ "మాకు యాదికి లేదు సారూ" అన్నారు. మల్లన్నది? మల్లన్న చూసుకుంటాడని కదా పంపింది, చూసుకోలేదేం? ఈ ప్రశ్న ఆమె ఏడాదిన్నరగా దీపం పెట్టిన ప్రతిసారీ అడుగుతోంది. ఇట్లా పంచుకుంటూ పోతే చివరికి చేతిలో తనకంటూ ఏమీ మిగలకూడదు. కానీ మిగులుతోంది. పిడికిలి విప్పి చూసినప్పుడల్లా, కాయ నలిపిన చేతికి ఎన్నిసార్లు కడిగినా పోని మంటలాగా, మిగులుతోంది.

బెయిలు మీద వచ్చిన వారానికి కృపానందం దుకాణానికి వచ్చాడు. మెట్టు ఎక్కలేదు. మనిషి సగమయ్యాడు, చొక్కా ఎవరిదో వేసుకున్నట్టు వేలాడుతోంది. పదకొండేళ్ళు ఆ దుకాణం లోడ్లు తోలినవాడు. ఒక్కసారి కూడా కాయ తడవనివ్వలేదు, వాన మొదలైతే తన చొక్కా విప్పి టార్పాలిన్ చిరుగులో కుక్కేవాడు. ఉదయ్ "ఏంది, మళ్ళ వచ్చినవ్?" అన్నాడు. కృపానందం అతని వైపు చూడకుండా ఆమెతో అన్నాడు. "అమ్మా, బస్తా మీదని చెప్పుండ్రి, సాలు. లైసెన్సు పోతె నాకు వేరే పని రాదు. జైలుకు పోతె దీనమ్మ ఒక్కతే అయితది. కూర ముచ్చట నేను యాడ తియ్యలే. తియ్య గూడ." ఉదయ్ తర్వాత అడిగాడు, కూర ముచ్చటేందమ్మా అని. ఏమో, భయానికి ఏదో వాగుతున్నాడు అంది. మొదటి అబద్ధం పోలీసులతో కాదు, కొడుకుతో. పోలీసులకు చెప్పింది దాని తర్వాత. ఇనస్పెక్టరు మర్యాదగా కుర్చీ వేసి అడిగాడు, మీదేనా అమ్మా ఆ బస్తా? కాదు. చదువుకుని సంతకం పెట్టండి. చదవకుండా పెట్టింది. ఇవాళ ఆ సంతకాన్నే లోపల మళ్ళీ గొంతుతో పెట్టాలి.

పెట్టకపోతే? అది కూడా వకీలు చెప్పాడు, తను అడక్కుండానే, ఆమె మొహంలో ఏం కనపడిందో ఏమో. పెట్టకపోతే కేసు దుకాణం మీదికి తిరుగుతుంది. ప్రమాదమని తెలిసీ కట్టని బస్తా ఎక్కించినందుకు ఆమె పేరు నిందితుల్లో చేరొచ్చు. పోలీసులకు అబద్ధం చెప్పింది బయటపడుతుంది. ఇన్సూరెన్సువాళ్ళు చేతులు దులుపుకుంటారు. మార్కెట్ లైసెన్సు ఆమె పేరు మీదే ఉంది. ఉదయ్ వేరే దారి చూసుకోవాలి. అరవై ఏళ్ళ దుకాణం. ఒక వైపు అరవై ఏళ్ళు, ఇంకో వైపు ఒక డ్రైవర్. ఉదయ్ ఆ మాట అనలేదు, కానీ అన్నట్టే వినపడింది.

ఘాటు ముందు గొంతుకు తగిలింది, తర్వాత ముక్కుకు. కోర్టు వెనక క్యాంటీనులో ఎవరో నూనెలో ఎండుమిర్చి వేసి మాడ్చారు. వరండా అంతా ఒక్కసారి దగ్గింది. నల్లకోటు వకీళ్ళు తిట్టుకుంటూ రుమాళ్ళు తీశారు. ఎవరో నవ్వారు, "సాంబారు పోపుకే సగం కోర్టు పోయింది పో" అని. శకుంతలకు మిర్చి ఘాటు అలవాటే, ముప్పై నాలుగేళ్ళ అలవాటు, కానీ ఇవాళ దగ్గు ఆగలేదు, కళ్ళలో నీళ్ళు కమ్మాయి, ఆ నీళ్ళలోంచి ఎదురుగా రాజక్క కనపడింది. రాజక్క దగ్గడం లేదు. కొంగుతో మొహమంతా చుట్టేసుకుని, గోడవైపు తిరిగి, చేత్తో నేలను తడుముతోంది. కర్ర కోసం కాదు, కర్ర పక్కనే ఉంది. ఎవరినో వెతుకుతున్నట్టు, ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి, బురద నేల మీద అరచెయ్యి పెట్టి తడుముతోంది. దీనమ్మ టిఫిను పక్కన పెట్టి లేచింది. ముందు రాజక్క దగ్గరికి పోయింది, భర్తను జైలుకు పంపడానికి వచ్చిన మనిషి దగ్గరికి. ఆ చేతిని పట్టుకుంది, పట్టుకునే ఉంది. "ఏం గాదక్కా, పోపు వాసన. కోర్టుల ఉన్నం మనం. కోర్టుల ఉన్నం." రాజక్క కుదుటపడ్డాక శకుంతల వైపు వచ్చింది. తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి చాచింది. "నీళ్ళు తాగుండ్రమ్మా."

శకుంతల తాగింది. గటగటా, సీసాకు నోరు పెట్టి, సగం సీసా. మింగిన తర్వాత గానీ గుర్తు రాలేదు, ఆ సీసా ఆ సంచిలోది, ఆ టిఫిను పక్కది అని. ఏమీ కాలేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, చల్లగా.

అంతే, ఇక ఆపడం ఆమె వల్ల కాలేదు. పోవద్దనుకున్న చోటికి మనసు తలుపు తోసుకుని పోయింది. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలు, యార్డులో లారీ, తాళ్ళన్నీ లాగేశారు, కృపానందం ఆఖరి ముడి వేసి చేతులు దులుపుకున్నాడు. హమాలీ ఒకడు దేవుని బస్తా భుజాన వేసుకుని అలవాటుగా క్యాబిను మెట్టు ఎక్కబోయాడు. వాడి వెనకే ఆమె. డ్రైవర్ పక్క సీటు మీద ఆ టిఫిను, మధ్య గిన్నెకు సొట్ట. క్యాబినంతా చాపల కూర వాసన. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఆ సీట్లో మల్లన్న కూర్చున్నాడు, ఆ వాసనలోనా? దించు, అంది. పైన పెట్టు. అప్పుడు కృపానందం పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ముడి ఏసిన, ఇగ పైన ఏం పెట్టద్దు. లోపల్నే పెట్టుండ్రి. టిఫిను నేను బయటికి తీస్త." ఆమె ఒప్పుకోలేదు. "కూర పారబోస్తనమ్మా. డబ్బ కడుక్కొస్త. రెండు నిమిషాలు ఆగుండ్రి." నిజంగానే గిన్నె తీసుకుని నల్లా వైపు రెండడుగులు వేశాడు. అప్పుడు అంది ఆమె. నవ్వుతూనే అంది, హమాలీలకు వినపడేటట్టు. "పారబోస్తె వాసన పోతదా కృపానందం? మీ చర్చి బస్తా అయితె గిట్లనే పెడుదువా?" హమాలీలు నవ్వారు. అతను ఆగిపోయాడు. గిన్నె చేతిలోనే ఉంది. ఇంకో మాట అంటే పరాయి దేవుడికి అడ్డం పడ్డవాడవుతాడు, నలుగురిలో. ఆ సంగతి అతనికి తెలుసు, అతనికి తెలుసునని ఆమెకు తెలుసు, ఆ బలం చూసుకునే అంది. అయినా అతను ఊరుకోలేదు. హమాలీ నిచ్చెన ఎక్కుతుంటే మళ్ళీ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ఆమెకు మాత్రమే వినపడేటట్టు ఇంకొక మాట...

"శకుంతలా! సాక్షి శకుంతలా!"

రెండోసారి పిలవకముందే లేచింది. ఉదయ్ గొడుగు వదిలేసి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు, తడిచెయ్యి భుజం మీద పడింది. "రెండే ముక్కలమ్మా." తల ఊపింది. ఊపినట్టే అనుకుంది. లోపల ఫ్యాను గాలికి కాగితాలు లేస్తున్నాయి. బోను రెయిలింగు చేతులు పట్టీ పట్టీ నున్నగా అయింది. దేవుని ఎదుట నిజమే చెబుతానని చెప్పించారు. కృపానందం ఆమె వైపు చూడలేదు, నేల చూస్తున్నాడు. జడ్జిగారు నడివయసు ఆడమనిషి, కళ్ళజోడు పైకి తోసుకుని తల ఊపింది. ప్రభుత్వ వకీలు కాగితం తిరగేస్తూ, విసుగ్గా, పదిసార్లు అడిగిన గొంతుతో అడిగాడు.

"రోడ్డు మీద పడ్డ మిర్చి బస్తా మీ దుకాణానిది కాదని పోలీసులకు చెప్పారు. నిజమేనా?"

"చెప్పింది నిజమే."

"అంటే బస్తా మీది కాదు."

యార్డంతా దాన్ని దేవుని బస్తా అంటుంది. అట్లా అన్నా అబద్ధం కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎంత సులువైన మాట.

"నాది," అంది శకుంతల. "అబద్ధం చెప్పిన."

ప్రభుత్వ వకీలు మొదటిసారి తలెత్తాడు. వెనక బల్లల్లో ఉదయ్ "అమ్మా" అన్నది వినపడింది, బంట్రోతు ఉష్ అన్నాడు. జడ్జి పెన్ను కింద పెట్టింది. "అమ్మా, మీరు చెప్పేది మీ మీదికే వస్తది. తెలిసే చెప్తున్నారా?"

"తెలిసే, మేడం. పైన పెట్టమన్నది నేను. ఆయన వద్దన్నడు, లోపల పెడతనన్నడు. ఆయన టిఫిన్ల కూర ఉన్నదని నేనే పెట్టనియ్యలే. పారబోస్తనన్నడు. పారబోసినా వద్దన్న."

టైపు చేస్తున్న అమ్మాయి చేతులు ఆగాయి. జడ్జి వైపు చూసింది, ఇది కూడానా అన్నట్టు.

"రాయి," అంది జడ్జి. తర్వాత శకుంతలతో, మెల్లగా, "ఏం కూర?"

"చాపల కూర, మేడం."

కీబోర్డు టకటకలాడింది. తెరిచిన తలుపు దగ్గర దీనమ్మ లేచి నిలబడింది, టిఫిను రెండు చేతులా పొట్టకు అదుముకుని. ఆమె శకుంతలను చూడటం లేదు, భర్తను చూస్తోంది. ఏడాదిన్నరగా అతను తనకు చెప్పని మాటను ఇప్పుడు అందరితో పాటు విన్నది. కృపానందం ఇంకా నేల చూస్తూనే ఉన్నాడు, కానీ కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"ఇంకేమైనా ఉందా?" అంది జడ్జి.

"ఉన్నది," అంది శకుంతల. "బస్తా పైకి పోతాంటె నా దగ్గరికి వచ్చి మెల్లగ అన్నడు. 'కనీసం ఒక్క తాడన్న ఏసుకోనియ్యుండ్రమ్మా, మల్లన్న ఏమనుకోడు' అన్నడు. అది గూడ రాయుండ్రి."